జీలుగువలస వాళ్ళు చైనా భోజనం తిన్న వైనం

జీలుగువలసలో గౌరునాయుడిది చిన్న కుటుంబం. గౌరునాయుడు, ఆయన పెళ్ళాం సింహాచలమ్మ, కొడుకు జోగులు, కోడలు రవణమ్మ. నలుగురే. కానీ ఆ నలుగురికీ ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏడూళ్ళలో ఎవరికీ లేదు. ఈ మాట నేనంటున్నది కాదు, వాళ్ళే అంటారు.

"ఎదటివాడు ఏమన్నాడో అదే చెయ్యాలి. ఒక అక్షరం కలపకూడదు, ఒక అక్షరం తియ్యకూడదు. తెలివంటే అదీ!" అంటాడు గౌరునాయుడు మీసం దువ్వుకుంటూ.

అనడమే కాదు, చేసి చూపించాడు కూడా. ఓసారి జ్వరమొస్తే డాక్టరు గారు "పూటకో మాత్ర వేసుకో" అన్నారు. అంతే, పూటకొకటి చొప్పున దారానికి గుచ్చి మెళ్ళో వేసుకున్నాడు. నాలుగు రోజులకి జ్వరం దానంతటదే తగ్గింది, మెళ్ళో దండా తయారైంది. "వేసుకోమంటే మింగుతారేటి? చేదుగా ఉంటుందని మళ్ళీ ఏడుపొకటి!" అని ఊరందరినీ వెక్కిరించాడు.

కోడలు రవణమ్మ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. "పాలు పొంగుతాయేమో చూస్తూ ఉండు" అని అత్త చెప్తే పొయ్యి ముందు కూర్చుని చూసింది. పాలు పొంగాయి. చూసింది. గిన్నె దాటాయి. చూసింది. పొయ్యిలో పడి పొయ్యి ఆరిపోయింది. అదీ చూసింది. అప్పుడు లేచి వెళ్ళి, "పొంగాయత్తా" అని చెప్పింది. సింహాచలమ్మ పొంగిపోయి, "కన్నార్పకుండా చూసిందమ్మా నా కోడలు!" అని ఇరుగుపొరుగు వాళ్ళకి చెప్పుకుంది.

ఇలాంటి కుటుంబానికి ఓ రోజు బడిపంతులు గారు, సముద్రానికి అవతలి ఒడ్డు కనబడదని చెప్పారు. గౌరునాయుడు నమ్మలేదు. "ఆయన సరిగ్గా చూసుండడు" అన్నాడు. ఇంకేముంది, మర్నాడు తెల్లారి రైలెక్కి నలుగురూ విశాఖపట్నం వచ్చేశారు. సాయంత్రం నాలుగున్నర రైలుకి తిరిగి వెళ్ళిపోవాలని అనుకున్నారు.

మధ్యాహ్నం దాకా ఒడ్డున నిలబడి కళ్ళు చికిలించి చూశారు. జోగులు తండ్రి భుజాలెక్కి చూశాడు. అవతలి ఒడ్డు కనబడలేదు.

"ఇవాళ మసగ్గా ఉంది" అని తేల్చేశాడు గౌరునాయుడు. "ఆకలేస్తోంది, పదండి."

రోడ్డు మీద ఓ ఆటో అతన్ని అడిగారు. "చవగ్గా, కడుపునిండా, మంచి చేపల భోజనం ఎక్కడ దొరుకుతుంది బాబూ?"

"హార్బరు పక్కన మేలమ్మ గారి చైనా హోటల్‌కి వెళ్ళండి. ఆవిడ చేతి పీతలు తిని తీరాలి. ఇలా ముక్కుసూటిగా వెళ్ళిపోతే అదే వస్తుంది."

నలుగురూ ఒకళ్ళ ముక్కు ఒకళ్ళు చూసుకున్నారు. జోగులు ముక్కు చిన్నప్పుడు ఎడ్లబండి తగిలి ఎడమకి తిరిగి ఉంటుంది. రవణమ్మది చప్పిడి ముక్కు, అది ఎటు చూపిస్తుందో దానికే తెలియదు. సింహాచలమ్మ ముక్కుకి అడ్డబాస నగ అడ్డంగా వేలాడుతోంది. గౌరునాయుడి ముక్కు ఒక్కటే సూటిగా ఉంది. అంతే, ఆయన్ని ముందు నిలబెట్టి మిగతా ముగ్గురూ వెనకాల వరస కట్టారు. దారిలో ఎండుచేపల వాసనకి ఆయన తుమ్మాడు. ముక్కు కుడివైపు తిరిగింది. నలుగురూ కుడివైపు తిరిగి ఎవరిదో ఐసు గోడౌన్లోకి వెళ్ళిపోయారు. అక్కడి కూలీలు వణుకుతున్న నలుగురినీ బయటికి తెచ్చి, ఎండలో ఆరబెట్టి, హోటల్ దాకా వచ్చి దింపి పోయారు.

చిన్న హోటల్. ఎనిమిది బల్లలు, పాతకాలపు చెక్క కుర్చీలు, పైన వేలాడే ఎర్ర కాయితం దీపాలు. గుమ్మం పక్కనే నీళ్ళు నింపిన పెద్ద అద్దాల తొట్టి, అందులో ఈదుతున్న చేపలు. మేలమ్మ గారి తాతగారు ఎప్పుడో చైనా నుంచి ఓడలో వంటవాడిగా వచ్చి, ఈ ఊళ్ళోనే దిగిపోయాడు. ఆవిడ అసలు పేరు మెయ్‌లిన్. కానీ పుట్టింది, పెరిగింది ఇక్కడే, పేట జనం నోళ్ళలో పడి మేలమ్మ అయింది. మాట్లాడేది అచ్చం మన మాటే.

"చైనా వచ్చేశామన్నమాట" అన్నాడు జోగులు బోర్డు చూసి. "ఇంత దగ్గరని ఎవరూ చెప్పలేదేటి నాన్నా?"

"చెప్తే అందరూ వచ్చేస్తారని" అన్నాడు గౌరునాయుడు.

వడ్డించే కనకారావు ఎదురొచ్చాడు. నెరిసిన జుట్టు, భుజాన తువ్వాలు. ఆ హోటల్లో ఇరవై రెండేళ్ళ నుంచి ఉన్నాడు, రకరకాల మనుషుల్ని చూశాడు. ఈ రకాన్ని మాత్రం చూడలేదు.

"ఇందులో మీకు నచ్చిన చేపని చూపించండి బాబూ" అన్నాడు తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి.

నలుగురూ అద్దానికి ముక్కులు ఆనించి చాలాసేపు చూశారు. మూతి దగ్గర మచ్చ ఉన్న పండుగప్ప ఒకటి వచ్చి రవణమ్మ ఎదురుగా ఆగి నోరు తెరిచి మూసింది.

"అత్తా, ఇది అచ్చం మా చిన్నమ్మలా ఉంది చూడు! ఇలాగే నోరు తెరుస్తుంది, మాట బయటికి రాదు."

"ఎంత మర్యాదస్తురాలో!" అంది సింహాచలమ్మ. "నాకూ ఇదే నచ్చింది."

అందరికీ అదే నచ్చింది. చూపించారు. కనకారావు వల వేసి దాన్ని పైకి తీసి లోపలికి నడిచాడు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావయ్యా?" అంది రవణమ్మ.

"వంటింట్లోకమ్మా. కోసి, అల్లం వెల్లుల్లి దట్టించి..."

ఇంకేముంది! "ఓలమ్మో! చిన్నమ్మని కోసేస్తున్నాడో!" అని రవణమ్మ గావుకేక పెట్టింది. జోగులు వెళ్ళి వల పట్టుకున్నాడు. గౌరునాయుడు కనకారావుని పట్టుకున్నాడు. సింహాచలమ్మ ఎవర్ని పట్టుకోవాలో తెలియక కొడుకుని పట్టుకుంది.

"నచ్చిందయ్యా అంటే నరుకుతావా?" గౌరునాయుడు మండిపడ్డాడు. "నాకు నా కోడలు కూడా నచ్చింది. రేపు దాన్నీ కోస్తావా?"

"తినడానికే కదా బాబూ చూపించమన్నది!"

"తినడానికని ఎప్పుడన్నావు? నచ్చింది చూపించమన్నావు. చూపించాం."

ఆ పెనుగులాటలో పండుగప్ప వల్లోంచి జారి జోగులు చొక్కాలోకి దూరింది. జోగులు హోటలంతా గంతులేశాడు. చివరికి చొక్కాతో సహా తొట్టిలో ముంచితే అది బయటపడి మూలకి వెళ్ళి దాక్కుంది.

కనకారావు ముఖం తుడుచుకుని, ఉన్న ఓపికంతా కూడగట్టుకున్నాడు. "పోనీ, నచ్చని చేపని చూపించండి. అది వండుతాం."

"నచ్చనిదాన్ని ఎవడు తింటాడయ్యా?" అన్నాడు గౌరునాయుడు జాలిగా.

కనకారావు చేపల సంగతి వదిలేసి నూడుల్సు, పీతలు తెస్తానని చెప్పి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

నూడుల్సు వచ్చాయి, పొగలు కక్కుతూ. పక్కన తలా రెండు వెదురు పుల్లలు పెట్టి, "వీటిని పుల్లలతో తినాలండి" అని చెప్పి కనకారావు పక్క బల్లకి వెళ్ళాడు.

జోగులు పుల్లని తిప్పి తిప్పి చూశాడు. "పుల్లలతో తినడమేటి నాన్నా?"

"పప్పుతో తినమంటే ఏం చేస్తావురా?"

"పప్పు కలుపుకుని తింటాను."

"పచ్చడితో తినమంటే?"

"నంజుకుంటాను."

"మరి ఇంకేటి అడుగుతావు!"

అంతే, నలుగురూ పుల్లల్ని పుటుక్కు పుటుక్కున విరిచి, నూడుల్సులో కలిపి, నమలడం మొదలెట్టారు. కరకరమని చప్పుడు. పక్క బల్ల వాళ్ళు తినడం మానేసి చూస్తున్నారు.

"ఎలా ఉందే?" అన్నాడు గౌరునాయుడు దవడ పట్టుకుని.

"దారాల్లా ఉన్నవి బాగున్నాయి. కాడలే సరిగ్గా ఉడకలేదు" అంది సింహాచలమ్మ. "ముదురు కాడలు కోసినట్టున్నారు."

"చైనా వాళ్ళ పళ్ళకి దండం పెట్టాలి" అంది రవణమ్మ.

జోగులు కనకారావుని పిలిచాడు. "అన్నా, పుల్లలు ఇంకో నాలుగు తెచ్చిపెట్టు. ఈసారి కొంచెం వేయించి తే. పచ్చివి పంటికి తగుల్తున్నాయి."

కనకారావు పళ్ళేల్లోకి చూశాడు. నోరు తెరిచి, అచ్చం ఆ పండుగప్పలాగే, మాట రాక మూశాడు. నూడుల్సు మార్చి, చేత్తోనే తినమని చెప్పి లోపలికి పోయాడు. ఈసారి నలుగురూ లొట్టలేసుకుంటూ తిన్నారు.

కాసేపటికి ఓ చిన్న సుత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పీతలొస్తున్నాయి. ముందు ఈ సుత్తితో కాళ్ళు విరగ్గొట్టుకోండి. తర్వాత లోపలిది లాక్కుని తినడమే." చెప్పాల్సింది చెప్పేసి పీతలు తేవడానికి వెళ్ళాడు.

రవణమ్మ మెల్లిగా తన కాళ్ళు చీర కిందకి లాక్కుంది.

"కాళ్ళు విరగ్గొట్టుకోవాలంట" అన్నాడు జోగులు. "కొట్టండి అనలేదు, కొట్టుకోండి అన్నాడు. అంటే ఎవరివి వాళ్ళే."

"పీత తినడానికి ఇంత కష్టమైతే నాకొద్దురా!" అంది సింహాచలమ్మ కళ్ళనీళ్ళతో.

"కాళ్ళు విరిగితే రైలెక్కడమెలా మావయ్యా?" అంది రవణమ్మ.

గౌరునాయుడు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఆలోచించి నవ్వాడు. "ఇక్కడే తెలివుండాలి. కాళ్ళన్నాడు గానీ, ఏ కాళ్ళో చెప్పాడా? మన కింద ఇన్ని కాళ్ళున్నాయి కదా!" అని కుర్చీ కాలు తట్టి చూపించాడు.

అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఇంకేముంది, సుత్తి ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళ చేతిలోకి వెళ్ళింది. ఠపాఠప్! ఫెళఫెళ! కనకారావు పీతల పళ్ళెంతో పరిగెత్తుకొచ్చేసరికి నలుగురూ కాళ్ళు లేని కుర్చీల మీద నేలకి ఆనుకుని బుద్ధిగా కూర్చున్నారు. తలకాయలు మాత్రమే బల్ల మీదికి కనిపిస్తున్నాయి.

"విరగ్గొట్టుకున్నాం" అన్నాడు గౌరునాయుడు. "లోపలిదేదో ఉందన్నావు, ఎక్కడ లాగాలో చూపించు."

పళ్ళెం పట్టుకునే కనకారావు కూలబడిపోయాడు. చప్పుడికి మేలమ్మ గారు లోపల్నుంచి వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్న మనిషి. కనకారావు సంగతంతా చెప్పాడు. ఆవిడ విరిగిన కుర్చీలకేసి చూసింది, నేల మీద ముడుచుకు కూర్చున్న నలుగురి కేసి చూసింది. కోపం రావాల్సిందే. కానీ ఆవిడకి అప్పుడు కోపం తెచ్చుకునే తీరిక లేదు.

ఎందుకంటే రెండింటికి ఓడల కంపెనీ పెద్ద మేనేజరు పట్టాభిరామయ్య గారు వస్తున్నారు. ఓడల్లో పనిచేసేవాళ్ళందరికీ రోజూ భోజనం ఏ హోటల్‌కి అప్పజెప్పాలో ఇవాళ తిని చూసి తేలుస్తారు. ఆయన నవ్వగా ఎవరూ చూడలేదంటారు. బేరం కుదిరితే మేలమ్మ గారి హోటల్ నిలబడుతుంది. పోతే, కొత్త హోటళ్ళ ధాటికి ఈ ఏడాదే మూసుకోవాలి. ఇంతలో రొయ్యల బోటు ఒడ్డుకొచ్చిందని కబురు. మంచివి కావాలంటే తనే వెళ్ళి ఏరుకోవాలి.

"కనకారావూ, గంప పట్టుకో, పద" అంది. వెళ్తూ వెళ్తూ ఆ నలుగురి ముఖాలు చూసి జాలేసింది. ఊరి నుంచి వచ్చినవాళ్ళు, పాపం, బిక్కచచ్చి ఉన్నారు. "కుర్చీలదేముంది, పోనీండి. మొహమాటపడకుండా పీతలు తినండి. ఇది మీ ఇల్లే అనుకోండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

పీతలు తిన్నారు. అద్భుతంగా ఉన్నాయి. చేతులు నాక్కుని గౌరునాయుడు అన్నాడు. "ఆవిడ ఒక మాట చెప్పి వెళ్ళింది. గుర్తుందా?"

"మన ఇల్లే అనుకోమంది" అంది రవణమ్మ.

"అయితే అనుకుందాం."

నలుగురూ కళ్ళు మూసుకుని, "ఇది మా ఇల్లు, ఇది మా ఇల్లు, ఇది మా ఇల్లు" అని మూడుసార్లు అనుకున్నారు. కళ్ళు తెరిచారు. అంతే, ఇల్లయిపోయింది.

గౌరునాయుడు చొక్కా విప్పి కాయితం దీపానికి తగిలించి, రెండు బల్లలు జరిపి వాటి మీద పడుకున్నాడు. సింహాచలమ్మ కొంగు దోపి, "నా ఇల్లేటి ఇలా ఉంది!" అని గుమ్మం కడిగింది. ముగ్గు వేద్దామంటే పిండి లేదు. లోపల తెల్లటి మొక్కజొన్న పిండి డబ్బా దొరికింది. గుమ్మంలో ఎనిమిది చుక్కల ముగ్గు పెట్టింది. రవణమ్మ వంటింట్లోకి వెళ్ళేసరికి అక్కడ వంటమనిషి బంగార్రాజు ఉల్లికాడలు తరుగుతున్నాడు.

"కొత్తగా చేరావా అమ్మా?" అన్నాడతను.

"చేరడమేటి? కాపరానికొచ్చి ఆరేళ్ళయింది!" అంది రవణమ్మ. పక్కనున్న గరిటె తీసుకుని, వంజరం ముక్కలకి చింతపండు పులుసు పిండి, అతను కలిపి పెట్టుకున్న నల్లటి సాసు కూడా అందులో ఓ గరిటెడు వేసి పొయ్యి మీద పెట్టింది. రేవులో రోజుకో కొత్త వంటమనిషిని చూసే బంగార్రాజు, అమ్మగారే పంపించారనుకుని పక్కకి తప్పుకున్నాడు.

ఎవరో ఇద్దరు గుమ్మంలోకి వచ్చారు. "బల్ల ఖాళీగా ఉందాండీ?"

"ఉంది" అన్నాడు గౌరునాయుడు పడుకునే. "మా ఇంట్లో బల్ల ఖాళీగా ఉంటే మీకేటి?"

వాళ్ళు బోర్డు మరోసారి చదువుకుని వెళ్ళిపోయారు.

సరిగ్గా రెండింటికి పట్టాభిరామయ్య గారు దిగారు. లావుపాటి కళ్ళద్దాలు, గుండీలన్నీ పెట్టుకున్న కోటు, వెనకాల ముగ్గురు ఆఫీసర్లు.

"భోజనానికి వస్తున్నామని అమ్మగారికి కబురు పెట్టాం" అన్నారాయన గంభీరంగా.

గౌరునాయుడు లేచి కూర్చున్నాడు. "ఏమే, నీకు కబురు పెట్టారంట?"

"పెట్టే ఉంటారు, నేనే మర్చిపోయుంటాను" అంది సింహాచలమ్మ నాలిక్కరుచుకుని. "ఇంటికొచ్చిన చుట్టాల్ని నిలబెట్టి మాట్లాడతావేటయ్యా? ఒరే జోగులూ, కాళ్ళకి నీళ్ళు!"

అంతే, జోగులు బకెట్టు తెచ్చి, వద్దు వద్దంటున్నా నలుగురి బూట్లూ విప్పి కాళ్ళు కడిగేశాడు. పట్టాభిరామయ్య గారి కాళ్ళ మీద పెళ్ళినాటి నుంచి ఎవరూ నీళ్ళు పోయలేదు. ఆయన తడికాళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నారు.

"త్వరగా వడ్డించండి. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి" అన్నారు.

జోగులు ముఖం పాలిపోయింది. "ఎన్ని ఉంటాయండీ?"

"ఏవి?"

"ఎలకలు."

"చాలా" అన్నారాయన విసుగ్గా.

ఇంకేముంది, జోగులు పెరట్లోకి పరిగెత్తాడు. అక్కడ హార్బరు చేపలు తిని మేకపిల్లంత ఎదిగిన పిల్లి ఒకటి నిద్రపోతోంది. దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి పట్టాభిరామయ్య గారి పొట్ట మీద కూర్చోబెట్టాడు. "కదలకండి బాబూ. ఇది వాసన పట్టిందంటే ఒక్క ఎలకా మిగలదు!"

ఆయన కదల్లేదు. కదిలితే పిల్లి గోళ్ళు దింపేలా ఉంది. ఆఫీసర్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పిల్లి మాత్రం కోటు మెత్తగా ఉందని రెండు చుట్లు తిరిగి సర్దుకుని పడుకుంది.

ఈలోగా అత్తాకోడళ్ళు వడ్డన మొదలెట్టారు. వేడన్నం, చేపల పులుసు, పక్కన బంగార్రాజు చేసిన నూడుల్సు. సింహాచలమ్మ ఒక్కొక్కళ్ళ పక్కనే నిలబడి కొసరి కొసరి వడ్డించింది. వద్దంటే రెండు ముక్కలు, చాలంటే నాలుగు. పిల్లి మీదుగా చెయ్యి చాపి పట్టాభిరామయ్య గారు కూడా తింటున్నారు, మూడోసారి పులుసు పోయించుకున్నారు. లావుపాటి ఆఫీసరొకాయన చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, ఇంక వద్దు, పొట్ట పగిలిపోతుంది!" అన్నాడు.

"ఓరి నాయనో, పగిలిపోతుందంట!" సింహాచలమ్మ గరిటె పారేసింది. "తుండుగుడ్డ తేండి! తాడు తేండి!" గౌరునాయుడు ఒక కొస, ఆవిడ ఒక కొస పట్టుకుని ఆయన పొట్ట చుట్టూ తుండుగుడ్డ బిగించి మూడు ముళ్ళేశారు. రవణమ్మ పగులు కనబడుతుందేమోనని చొక్కా గుండీల మధ్య నుంచి తొంగి చూసింది.

అప్పుడొచ్చింది మేలమ్మ గారు.

ముందు గుమ్మంలో ముగ్గు చూసింది. తర్వాత దీపానికి వేలాడుతున్న చొక్కా చూసింది. తర్వాత తడికాళ్ళతో ఉన్న ఆఫీసర్లని, పొట్టకి కట్టు కట్టించుకున్న పెద్దమనిషిని చూసింది. చివరికి పిల్లిని పొట్ట మీద పెట్టుకుని కూర్చున్న పట్టాభిరామయ్య గారిని చూసింది. ఆవిడ వెనకున్న కనకారావు చేతిలోంచి గంప జారిపోయింది. రొయ్యలు నేలంతా పరుచుకున్నాయి.

"అయ్యో దేవుడా!" అని మేలమ్మ గారు గోడ పట్టుకుంది. "నా గుండె జారిపోయింది!"

జీలుగువలస వాళ్ళు నలుగురూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు.

"ఎవరూ అడుగు తీసి అడుగెయ్యకండి, తొక్కేస్తారు!" అని అరిచాడు గౌరునాయుడు. అంతే, నలుగురూ నేల మీద పడి బల్లల కింద పాకుతూ వెతకడం మొదలెట్టారు.

"ఎంత ఉంటుందమ్మా మీది? గుప్పెడంతేనా?" అంది సింహాచలమ్మ బల్ల కిందనుంచి.

"దొర్లిందా, జారిందా?" అంది రవణమ్మ.

జోగులు పట్టాభిరామయ్య గారి కుర్చీ కిందనుంచి తల బయటపెట్టి, చేతిలో రొయ్యని ఎత్తి చూపిస్తూ, "ఇదేనా అమ్మా? ఇంకా కొట్టుకుంటోంది!" అన్నాడు.

పట్టాభిరామయ్య గారి గొంతులోంచి ఏదో వింత చప్పుడొచ్చింది. ఆఫీసర్లు కంగారుపడ్డారు. పొలమారిందనుకున్నారు. అది నవ్వు. మొదట కుక్కర్ కూత వేసినట్టు సన్నగా వచ్చింది, తర్వాత పొట్ట ఊగింది, పొట్ట మీద పిల్లి ఊగింది. కళ్ళద్దాలు తీసి కన్నీళ్ళు తుడుచుకుంటూ ఆయన పక్కలు పట్టుకుని నవ్వారు. బాసు నవ్వడం చూసి ఆఫీసర్లు నవ్వారు. తుండుగుడ్డ ముళ్ళు పుటుక్కున తెగాయి. వాళ్ళు తినడానికొచ్చిన ఊరివాళ్ళని కనకారావు చెప్తే ఆయన మళ్ళీ నవ్వారు.

"మేలమ్మ గారూ," అన్నారాయన ఊపిరి తీసుకుని, "ఏడు హోటళ్ళలో తిన్నాను. అందరూ నన్ను మేనేజరుగానే చూశారు. ఇక్కడే చుట్టంలా చూశారు. ఆ పులుసు కూడా రోజూ ఉండాలి. మా వాళ్ళ భోజనం ఇక మీ దగ్గరే. వీళ్ళ భోజనం ఇవాళ నా తరఫున."

మేలమ్మ గారు రవణమ్మ చెయ్యి పట్టుకుని బంగార్రాజుకి ఆ పులుసు ఎలా పెట్టాలో చెప్పించింది. పొట్లం కట్టి నాలుగు పీతలు చేతిలో పెట్టింది. మూడున్నరయింది. నలుగురూ బయల్దేరారు. ఆవిడ గుమ్మం దాకా వచ్చి చేతులు జోడించింది.

"చాలా సంతోషం. మళ్ళీ రండి."

నలుగురూ పది అడుగులు వేశారు. గౌరునాయుడు ఆగాడు. "ఏమంది?"

"మళ్ళీ రమ్మంది."

తిరిగి లోపలికి వచ్చేశారు.

"ఏమైనా మర్చిపోయారా?" అంది మేలమ్మ గారు.

"లేదమ్మా. మళ్ళీ రమ్మన్నారు కదా, వచ్చాం."

ఆవిడ పడీ పడీ నవ్వింది. "సరే సరే. రైలుకి వేళవుతోంది. వెళ్ళి రండి."

దీపస్తంభం దాకా వెళ్ళారు. వచ్చారు. "వెళ్ళాం. వచ్చాం" అన్నాడు గౌరునాయుడు. అలా నాలుగుసార్లయింది. ముగ్గంతా వాళ్ళ కాళ్ళకి అంటుకుని చెరిగిపోయింది.

"అమ్మగారూ, 'పొండి' అని ఒక్క ముక్క తెంపేసి చెప్పండి" అన్నాడు కనకారావు ఆవిడ చెవిలో.

"తిని వెళ్తున్న మనుషుల్ని గుమ్మంలో నిలబెట్టి పొమ్మంటానా? మా అమ్మ నన్నలా పెంచలేదు" అంది మేలమ్మ గారు. ఇక లాభం లేదని ఆటో పిలిపించి, కనకారావుతో సహా తనే స్టేషన్‌కి వెళ్ళి, నలుగురినీ పెట్టెలోకి ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టింది. రైలు కూత వేసింది. కదిలింది. కిటికీలోంచి నాలుగు ముఖాలు బయటికొచ్చి నవ్వాయి. ఒక్క పూటలో ఆవిడకి ఎంత దగ్గరైపోయారో! కళ్ళు చెమర్చాయి. చెయ్యెత్తి ఊపింది.

"జాగ్రత్తగా వెళ్ళి రండీ!"

కనకారావు తల పట్టుకున్నాడు.

ఇంకేముంది, రైలు కీచుమని ఆగింది. నలుగురూ చైను పట్టుకుని వేలాడారన్నమాట. గార్డు ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికే నలుగురూ దిగి, పీతల పొట్లంతో సహా, చాలా జాగ్రత్తగా ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నడిచొస్తున్నారు.

"వెళ్ళాం. జాగ్రత్తగా వచ్చాం" అన్నాడు గౌరునాయుడు మేలమ్మ గారి ముందు నిలబడి. "ఇప్పుడేటి చెయ్యమంటారు?"

ఆవిడ నోరు తెరవబోయింది.

"అమ్మగారూ, మీకు పుణ్యముంటుంది, ఏమీ అనకండి!" అని కనకారావు బతిమాలాడు.

ఆవిడ పెదాలు బిగబట్టి, ఒక్క మాట లేకుండా, చేతులు మాత్రం జోడించింది. నలుగురూ చాలాసేపు ఎదురుచూశారు. వెనకాల గార్డు ఈల వేశాడు. రైలు మళ్ళీ కదిలింది.

"నాన్నా, రైలెళ్ళిపోతోంది" అన్నాడు జోగులు మెల్లిగా.

"చూస్తున్నాను. ఆవిడ ఏమైనా అందా?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే మనమేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు" అంది రవణమ్మ.

అంతే, నలుగురూ కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు కట్టుకుని, ఏమీ చెయ్యకుండా నిలబడ్డారు. చివరి పెట్టె దాటిపోయేదాకా కనురెప్ప కూడా కదపలేదు.